వాల్తేరులో వెలుగు లెక్క: ఆచార్య సూరి భగవంతముగారి విద్యాజీవితము



కుమ్మరికి సారె కలదు. సాలెవానికి మగ్గము కలదు. కంసాలికి కుంపటియు, ఊదుగొట్టమును కలవు. వారు చేయు పని యేమియో చూచినవారి కెల్ల తెలియును. సిద్ధాంత భౌతికశాస్త్రజ్ఞునకు మాత్రము కాగితము, కలము తప్ప వేరు పనిముట్టు కానరాదు. పగలెల్ల కూర్చుండి వ్రాసి, సాయంకాలమునకు వ్రాసినదంతయు కొట్టివేసి, మరునాడు మరల మొదలుపెట్టుట వానికి వాడుక. ఇట్టివాని బ్రతుకు ఎట్లు నడచును, వానిని చదివించినవారికి కలుగు ఫలమేమి యను సందేహము పెద్దలకు పుట్టుట సహజమే.

ఈ సందేహము ఇటీవల మరింత తరచుగా వినవచ్చుచున్నది. 2023 ఏప్రిల్ 19వ తేదీని కేంద్ర ప్రభుత్వమువారు జాతీయ క్వాంటం మిషను అను కార్యక్రమమునకు 6,003 కోట్ల రూపాయలకు పైగా మంజూరు చేసిరి. 2025వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితివారు క్వాంటం విజ్ఞాన సంవత్సరముగా ప్రకటించిరి. ఆ యేడే మన రాష్ట్ర ప్రభుత్వమువారు, ఐ.బి.ఎం., టాటా కంపెనీలతో కలిసి, 156 క్యూబిట్లు గల క్వాంటం గణనయంత్రమును అమరావతిలో నెలకొల్పుటకు సంకల్పించినట్లు పత్రికలలో పడినది. ఆ వార్త చదివి శృంగవరపుకోట ప్రాంతపు పెద్ద రైతొకరు నన్నొక ప్రశ్న అడిగిరి. వారి మనుమరాలు బి.యస్సి. ముగించి, భౌతికశాస్త్రములో పై చదువునకు పోవలెనని పట్టుపట్టినదట. ఇంటిలో తక్కిన పిల్లలందరు ఇంజనీరింగు చదివి ఉద్యోగములలో కుదురుకొనిరి. "బాబూ, ఆ చదువుకి కూడెవరు పెడతారు?" అని వారి ప్రశ్న.

ప్రశ్న మొరటుగా తోచవచ్చును గాని, చాల న్యాయమైనది. దానికి ఒక్క మాటలో బదులు చెప్పుట కంటె, మన ప్రాంతమున నడచిన ఒక విద్యాజీవితమును చెప్పుట మేలని తలచితిని. ఆచార్య సూరి భగవంతముగారి పేరు మీలో కొందరు వినియుందురు. క్వాంటం సాంకేతికము అను మాట వారి కాలమున లేదు. వారు కేవలము కాగితము పట్టుకొని కూర్చున్నవారును కారు. ప్రయోగశాలలోను చేయి తిరిగినవారే. అయినను నేడు క్వాంటం యంత్రములు నిలిచియున్న రెండు మూడు పునాదిరాళ్లపై వారి లెక్కల గుర్తులు కలవు. వాని సంగతియే ఈనాటి ప్రసంగము.

భగవంతముగారు 1909 అక్టోబరు 14వ తేదీని కృష్ణా జిల్లా ఆగిరిపల్లెలో జన్మించిరి. గుడివాడలో ప్రారంభవిద్య ముగించి, హైదరాబాదు నిజాము కళాశాలలో చేరిరి. ఆ కళాశాల నిజాముగారి రాజ్యమున నున్నను, పరీక్షలు మాత్రము మదరాసు విశ్వవిద్యాలయమువారివి. పందొమ్మిదవ యేడు నడచుచుండగా, 1928లో, వారు కలకత్తాకు ప్రయాణమైరి. అచట బౌబజారు వీథిలో విజ్ఞాన పరిషత్తు ప్రయోగశాలయందు సర్ సి. వి. రామనుగారు ఆ యేడు ఫిబ్రవరి 28వ తేదీననే తమ పేరు గల కాంతి ప్రభావమును కనుగొనియుండిరి.

రామనుగారు తిరుచిరాపల్లిలో పుట్టిన తమిళులైనను, వారి చదువు మొదలైనది మన విశాఖపట్టణములోనే. వారి తండ్రి చంద్రశేఖరయ్యరుగారు 1892లో ఏ.వి.ఎన్. కళాశాలకు గణిత భౌతికశాస్త్ర ఉపన్యాసకులుగా వచ్చిరి. పిల్లవాడు పదునొకండవ యేట మెట్రిక్యులేషను, పదుమూడవ యేట ఎఫ్.ఏ. ఇచటనే దాటెను. తండ్రి ఉద్యోగము కొరకు ఆ కుటుంబము మరియొక ఊరికి పోయియుండినచో ఏమయ్యెడిదో చెప్పజాలము. విశాఖ సముద్రపు నీలిమ ఆయన కన్నులలో చిన్ననాడే పడినదని మాత్రము మన ప్రాంతమువారము గర్వించుటకు హక్కు కలదు.

కలకత్తాలో ఆ గురుశిష్యులు చేసిన పనులలో ఒక దానిని కొంచెము వివరముగ చెప్పవలసియున్నది. దానికి ముందొక కథ కలదు. 1924లో ఢాకాలో అధ్యాపకుడుగా నుండిన సత్యేంద్రనాథ బోసుగారు, వెలుగు అనునది కణములుగా నున్నదని తలచి, వేడిగా నున్న వస్తువు నుండి వెలువడు వెలుగునకు లెక్క కట్టిరి. లెక్క అంతయు సరిపోయెను గాని, చివర నొకచోట 2చే గుణించినగాని ఫలితము కుదురలేదు. కరణముగారి చిట్టాలో ఎక్కడనో రెండింతలు తేడా వచ్చినచో మనము ఊరకుందుమా? ఆ రెండు ఎక్కడిదని అడుగుదుము. బోసుగారికి దానిపై ఒక ఊహ యుండెను. వెలుగుకణము ముందునకు పరుగెత్తుటయే గాక, తాను పోవు దారినే ఇరుసుగా చేసికొని తిరుగుచు పోవుచున్నదేమో. ఆ తిరుగుట కుడికో యెడమకో రెండే విధములుగా నుండవచ్చునేమో. ఒక్కొక్క కణమునకు రెండు స్థితులుండుట చేత లెక్కకు రెండింతలు వచ్చెనేమో యని వారనుకొనిరి. అచ్చయిన వ్యాసములో ఆ ఊహ వివరముగా వెలువడలేదు. రామను భగవంతములకు బోసుగారు స్వయముగా తెలిపిరి.

ఊహ ఎంత అందముగా నున్నను, శాస్త్రమున సాక్ష్యము కావలెను. గురుశిష్యులు వాయువులపై వెలుగును ప్రసరింపజేసి, అణువులకు తగిలి చెదరిన వెలుగు యొక్క తీవ్రతను, ధ్రువణమును జాగ్రత్తగా కొలిచిరి. తిరుగుచున్న అణువు వెలుగుకణముతో తన భ్రమణమును ఇచ్చిపుచ్చుకొను విధము, కణమునకు స్వభ్రమణ మున్నచో ఒక తీరుగను, లేనిచో మరియొక తీరుగను ఉండవలెనని వారి వాదము. కొలతలు మొదటి తీరును సమర్థించినవని వారు 1931లో ఒక భారతీయ పత్రికలోను, మరుసటి యేడు ఇంగ్లండునందలి నేచరు పత్రికలోను ప్రకటించిరి. అప్పటికి భగవంతముగారికి ఇరువదిరెండేండ్లు.

మన ఇండ్లలో కవ్వమునకు త్రాడు చుట్టి చిలుకునపుడు అది ఒకసారి కుడికి, ఒకసారి యెడమకు తిరుగును. వెలుగుకణము కవ్వము వంటిదని మొదట అనుకొనవచ్చును. అయితే పోలిక ఇంతవరకే పనికివచ్చును. కవ్వము ఏ క్షణమున చూచినను కుడికో యెడమకో తిరుగుచుండును. వెలుగుకణమట్లు కాదు. కొలిచి చూచువరకు కుడి యెడమల రెండింటి కలయికగా నుండగలదు. కొలిచినపుడు మాత్రము ఏదో యొకటిగా తేలును. ఇది వినుటకు మాయావాదమువలె నుండును. వేదాంతము తెలిసిన పెద్దలు ఇది మన శాస్త్రములలో నున్నదేయని సంతసింపవచ్చును. నా మట్టుకు నే నా పోలికలను దూరముంచెదను. వేదాంతి చెప్పునది కొలబద్దతో తేలునది కాదు. ఇదియో, కొలబద్దతో తేలిన సంగతి.

నేటివారు క్యూబిట్టు అనునది ఈ రెండు స్థితులు గల వస్తువునే. సాధారణ గణనయంత్రమున ఒక గుర్తు సున్నయో ఒకటియో కాగా, క్యూబిట్టు రెండింటి కలయికగా నుండగలదు. అమరావతి యంత్రమున క్యూబిట్లు వెలుగుకణములు కావు. మిక్కిలి చల్లబరచిన లోహపు తీగచుట్లవంటి వలయములలో వానిని కల్పింతురు. రహస్యవార్తలు పంపుటకు మాత్రము వెలుగుకణముల ధ్రువణమునే నేటికిని వాడుచున్నారు. 1984లో అమెరికాకు చెందిన బెన్నెట్టు, కెనడాకు చెందిన బ్రసార్డు అను ఇరువురు దీనికొక పద్ధతి చూపిరి. కాగిన పాలపై తొరక కట్టియున్నప్పుడు ఎవరైనను చాటుగా వ్రేలు ముంచినచో తొరక చెదరి పట్టుబడుదురు గదా! అట్లే దారిలో వెలుగుకణమును పట్టి చదువజూచినవాని చేత దాని స్థితి చెదరును. పంపినవారును అందుకొన్నవారును కొన్ని గుర్తులు సరిచూచుకొన్నంతనే దొంగ జాడ తెలియును. బోసుగారి లెక్కలో ఎక్కడనుండియో వచ్చిపడిన ఆ రెండు, నేడు బ్యాంకుల రహస్యములకును, సైన్యముల సందేశములకును కావలి కాయు పనికి కుదిరినది.

ఇక వాల్తేరు సంగతి. 1926లో బెజవాడలో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయము 1930లో వాల్తేరు చేరెను. 1931లో సర్వేపల్లి రాధాకృష్ణపండితులు ఉపాధ్యక్షులైరి. మన అనంతగిరి కొండల కావలనున్న జయపుర సంస్థానాధీశులు విక్రమదేవవర్మ మహారాజుగారు ఏటేట లక్ష రూపాయలు ఇచ్చుటకు ఒప్పుకొనగా, వారి పేరనే విజ్ఞాన కళాశాల వెలసెను. అప్పుడు జయపురము మన విశాఖపట్టణము జిల్లాలోనిదే. 1936లో ఒడిస్సా రాష్ట్ర మేర్పడినపుడు గదా అటు పోయినది. కొండలోని వరిచేల సిస్తు, తీరమున దూరదర్శకములుగా, వర్ణపటమాపకములుగా మారెను. దాతల పేరు కళాశాల నొసటనున్నది. సిస్తు కట్టిన కొండరైతుల పేర్లు ఎచటను లేవు. ఇది ఇచట చెప్పక తప్పదనిపించినది.

1932లో ఇరువదిమూడేండ్ల భగవంతముగారు ఆ కళాశాలకు ఉపన్యాసకులుగా వచ్చిరి. తరువాత ఆచార్యులును, ప్రిన్సిపాలును అయిరి. కాంతి పరిక్షేపణమును గూర్చి వారు వ్రాసిన గ్రంథమును 1940లో విశ్వవిద్యాలయమే ప్రకటించెను. ఆ యేండ్లలోనే వారికి గణితశాస్త్రజ్ఞులైన టి. వేంకటరాయుడుగారి స్నేహము లభించెను. ఒకరు స్ఫటికముల నెరిగినవారు, ఒకరు సమూహ సిద్ధాంతము నెరిగినవారు. వారి కూర్పు వలన పుట్టిన విద్యయే భగవంతముగారి నిజమైన కీర్తి యని నా యభిప్రాయము. రామనుగారి పేరుతో ముడిపడినందున స్వభ్రమణ వ్యాసమే ఎక్కువగా వినబడును గాని, లెక్క యొక్క లోతు ఇచట నున్నది.

సమూహ సిద్ధాంతమనగానే బెదరనక్కరలేదు. సంక్రాంతినాడు మీ వాకిట పెట్టిన ముగ్గును చూడుడు. నాలుగు మూలలు సమానముగానున్న ముగ్గును పావుచుట్టు త్రిప్పినను మునుపటివలెనే యుండును. ఎనిమిది రేకుల పద్మమును అరపావు చుట్టు త్రిప్పినను చెదరదు. ఇట్లు ఏయే విధముల త్రిప్పినను మారకుండు గుణమును సౌష్ఠవమందురు. స్ఫటికములును ఇట్టి ముగ్గులే; కాని అవి నేలపై గాక మూడు దిక్కులలో పెట్టినవి. బాహ్యరూప సౌష్ఠవమును బట్టి ప్రపంచమునందలి స్ఫటికము లన్నియు 32 తరగతులలో ఇమిడిపోవును.

సౌష్ఠవము వలన లాభమేమి? నొక్కినపుడు ఒక స్ఫటికము ఎట్లు వంగునో పూర్తిగ తెలిసికొనుటకు ఎన్ని సంఖ్యలు కొలువవలెనో, కొలువక ముందే చెప్పవచ్చును. మన ఉప్పుగల్లు ఘనరూపము. దానికి మూడు సంఖ్యలు చాలును. పైరు తెగుళ్లకు వాడు మైలుతుత్తమునకు సౌష్ఠవము మిక్కిలి తక్కువ. దానికి ఇరువదియొక్క సంఖ్యలు కావలెను. ఇది ప్రయోగము చేసి తెలిసికొన్నది కాదు, కేవలము తర్కము చేత తేలినది. ప్రయోగశాలలో చేయిపెట్టక మునుపే ఏది సాధ్యము, ఏది అసాధ్యము అని హద్దులు గీయుటయే సిద్ధాంతవేత్త పని యని ఇందువలన తెలియగలదు.

నొక్కిన స్ఫటికము గుండ వెలుగు పోవు తీరు మారును. జర్మనీ పండితుడు పోకెల్సు 19వ శతాబ్ది చివరిభాగమున దీనికి ఏ తరగతి స్ఫటికమునకు ఎన్ని సంఖ్యలు కావలెనో లెక్కించి పట్టిక వ్రాసెను. లోకమంతయు దానినే ప్రమాణముగ గైకొనెను. 1942లో భగవంతముగారు సమూహ సిద్ధాంతముతో మరల లెక్కించి, కొన్ని తరగతుల విషయమున ఆ పట్టిక సరికాదని చూపిరి. ఆ 1942 ఏప్రిల్ 6వ తేదీననే విశాఖపై జపానువారి బాంబులు పడినవి. జనము మూటాముల్లె కట్టుకొని పల్లెలకు పరుగెత్తిరి. మీ తాతలు, ముత్తాతలు అట్లు వచ్చినవారికి ఆశ్రయమిచ్చియుందురు. విశ్వవిద్యాలయము గుంటూరునకు తరలి, యుద్ధము ముగియు వరకు అచట తలదాచుకొనెను. ఆ కలత నడుమనే యొక ఆంధ్రుడు జర్మనీ పండితుని పట్టికను దిద్దుట, నాకు ఎన్నిసార్లు తలచినను అబ్బురముగా నుండును.

పోకెల్సు పేరు మరియొక సంగతికిని వాడుదురు. కొన్ని స్ఫటికములకు విద్యుచ్ఛక్తి తగిలించినచో, వాని గుండ పోవు వెలుగు యొక్క ధ్రువణము మారును. ఇంతకు ముందు చెప్పిన రహస్యవార్తలలో, వెలుగుకణమునకు ఏ స్థితి నీయవలెనో ఆ స్థితి నిచ్చుటకు ఇట్టి స్ఫటికములను కీలకముగా వాడుదురు. ఏ స్ఫటికము ఈ పనికి వచ్చును, ఏది రాదు అని నిర్ణయించునది సౌష్ఠవమే.

భగవంతముగారును వేంకటరాయుడుగారును కలిసి వ్రాసిన సమూహ సిద్ధాంత గ్రంథము 1948లో వాల్తేరు నుండి వెలువడెను. తరువాత విదేశములలోను అచ్చయి, అనేక దేశముల విద్యార్థుల చేతికి వచ్చెను.

తక్కిన జీవితమును త్వరగా చెప్పెదను. 1948లో లండనునందు భారత హైకమిషనరు కార్యాలయములో విజ్ఞాన సంబంధాధికారిగా నుండి, 1949లో ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఆచార్యులైరి. 1952 మొదలు 1957 వరకు దానికి ఉపాధ్యక్షులు. 1957 నుండి 1962 వరకు బెంగుళూరు విజ్ఞాన సంస్థకు డైరెక్టరు. ఆ పీఠమున వారి గురువైన రామనుగారు 1933లో కూర్చుండిరి. 1961 నుండి 1969 వరకు రక్షణమంత్రికి విజ్ఞాన సలహాదారు. చైనా యుద్ధము, పాకిస్తాను యుద్ధము రెండును ఆ కాలముననే వచ్చినవి. పదవి పెరిగినకొలది లెక్కకు దొరకు ప్రొద్దు తరుగుట లోకసహజము. అయినను 1966లో స్ఫటిక సౌష్ఠవమును గూర్చి మరియొక గ్రంథమును ప్రకటించిరి. ఢిల్లీ కాగితములకు సంతకములు చేయుచు దానిని ఏ వేళ వ్రాసిరో! 1989లో వారు పరమపదించిరి.

ఇప్పుడు ఆ పెద్దమనిషి ప్రశ్నకు వత్తము. కూడెవరు పెట్టుదురు?

పూర్వము వ్యాకరణము, తర్కము చదువుటకు పిల్లలను విజయనగరము సంస్కృత కళాశాలకో, కాశీకో పంపిన కాలమున పన్నెండేండ్లు సత్రపు భోజనముతో గడచెడివి. ఆ చదువునకు మహారాజుల అండ యుండెను. నేటి పరిశోధకునకు ప్రభుత్వమువారి వేతనము ఆ స్థానమున నున్నది. జాతీయ పరీక్షలో నెగ్గి పరిశోధనకు చేరినవారికి 2023 జనవరి నుండి నెలకు 37,000 రూపాయలును, రెండేండ్లకు పిమ్మట 42,000 రూపాయలును నిర్ణయించిరి. అనగా ఎమ్.యస్సి. దాటిన పిమ్మట తాతగారి చేతిసొమ్ము అక్కరలేదు.

కాని కాలము చాల పట్టును; దానిని దాచి చెప్పుట నాకిష్టము లేదు. ఎమ్.యస్సి. రెండేండ్లు. డాక్టరు పట్టమునకు అయిదారేండ్లు. అటుపై దేశములోనో విదేశములోనో, ఒకచోట రెండేండ్లు, మరియొకచోట మూడేండ్లు తాత్కాలిక పరిశోధకురాలుగా నుండవలెను. స్థిరమైన ఉద్యోగము ముప్పదిరెండు, ముప్పదియైదేండ్లకు గాని దొరకదు. కొందరికి దొరకనే దొరకదు. ఇరువదిమూడేండ్లకు ఉపన్యాసకుడగుట భగవంతముగారి కాలముతో చెల్లెను. ఆడపిల్ల విషయమున ఈ యేండ్లలోనే పెండ్లి యను మాట వచ్చును. ఇరుగుపొరుగువారు ఏమందురో నేను చెప్పనక్కరలేదు. ఆ పిల్ల చదువు ఆగుట కెక్కువ అవకాశము లెక్క రానందువలన గాదు. ఈ మాటల వలననే. పెద్దలు ఆమె పక్షమున నిలుచుటయో, నిలువకుండుటయో అచటనే తేలును.

ఉద్యోగము దొరకనివారి గతి యేమి? ఈ విద్య నేర్చినవారు గణనయంత్రముల సంస్థలలోను, బ్యాంకులలోను, రక్షణ ప్రయోగశాలలలోను చేరుచున్నారు. ఇంజనీరింగు చదివిన అన్నదమ్ములకంటె ఆలస్యముగా చేరుదురు గాని, ఆకలికి లోనగుట అరుదు.

మార్గమేది యందురా? ఇంటరు ముగించినవారికి, మన శ్రీకాకుళమునకు పొరుగున బరంపురములో 2016లో స్థాపించిన విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ కలదు. తిరుపతిలో 2015లో అట్టిదే వెలసినది. వానికి వేరుగా ప్రవేశపరీక్ష యుండును. బి.యస్సి. అయినవారికి జామ్ అను పరీక్ష కలదు. దానిలో నెగ్గినవారు ఐ.ఐ.టి.లలో చేరవచ్చును. క్వాంటం వార్తాపద్ధతులకు మదరాసు ఐ.ఐ.టి.ని, గణనయంత్రములకు బెంగుళూరు విజ్ఞాన సంస్థను జాతీయ మిషనువారు ప్రధానస్థానములుగా ఎంచిరి. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయము, వాల్తేరునందలి మన భౌతికశాస్త్రశాఖ దగ్గరనే యున్నవి. ఏది యెంచుకొన్నను గణితము బలముగా నుండవలెను. ముఖ్యముగా మాత్రికలు, సంకీర్ణసంఖ్యలు అను రెండు పాఠములను ఇంటరులోనే గట్టిగా నేర్చుకొనినచో, క్యూబిట్టు యొక్క గణితములో సగము చేతికి వచ్చినట్లే. ఆ రెండు పాఠములు తెలుగు మాధ్యమపు పుస్తకములలోను కలవు.